తిరిగి రాని వెండి

గ్రాఫు కాగితం మీద గీత మరీ తిన్నగా వస్తే నాకు ఇప్పటికీ భయమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలా ఉండేది కాదు. ఐదు చుక్కలు పెట్టి, స్కేలు ఆనించి పెన్సిల్ లాగితే ఐదింటి మీదుగా గీత పోయేది. ఆ కాగితాన్ని పక్క గదిలో ఉన్న గుమాస్తాను పిలిచి మరీ చూపించేవాణ్ణి. ఆయన పాపం మంచివాడు. "బాగుండాది సార్, వంకర లేకుండా ఉండాది" అనేసి తన ఫైళ్ల దగ్గరికి పోయేవాడు. అలాంటి గీత ఒకటి పట్టుకుని నేను ఒక మనిషి ఇంటిని రెండు ముక్కలు చేశాను. ఈ సంగతి రాయకుండా ఇన్నేళ్లు నెట్టుకొచ్చానంటే దానికి కారణం సిగ్గు, ఇంకేమీ కాదు.

నేను పనిచేసింది హిందూపురంలో, మిరపకాయల మండీ వెనక రెండు గదుల పెంకుటింట్లో నడిచే పరీక్షాశాలలో. పొద్దున తలుపు తీస్తే ఆసిడ్ వాసన కంటే ముందు మిరప ఘాటు తగిలేది. తుమ్ముకుంటూ పని మొదలుపెట్టేవాణ్ణి. కెమిస్ట్రీ చదివినవాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే. దాంతో ఇరవై ఆరేళ్లకే నన్ను నేను ఒక శాస్త్రవేత్త కింద జమకట్టుకున్నాను. అది అరవైల చివర. ఆ రోజుల్లో మా ఊళ్లో బీయస్సీ చదివినవాడంటేనే జనం వీధిలో పక్కకు జరిగి దారిచ్చేవాళ్లు. నేను ఆ దారి మధ్యలో నడిచేవాణ్ణి.

పని మాత్రం నిజంగా అవసరమైనదే. ధర్మవరం పట్టుచీర అంచులో, కొంగులో మెరిసే జరీ చూడ్డానికి బంగారం. లోపల సంగతి వేరు. నడుమ ఒక ఎర్ర పట్టుపోగు, దాని చుట్టూ చుట్టిన సన్నటి వెండి తీగ, ఆ వెండి మీద పల్చటి బంగారు పూత. వెండిలో కాస్త రాగి ఎప్పుడూ ఉంటుంది. అది కాస్తేనా, లేక మొత్తం రాగి తీగ మీద వెండి పూసి అంటగట్టారా అన్నది తేల్చడమే నా ఉద్యోగం. కొత్తగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా మెరుస్తాయి. ఏడాది తిరిగేసరికి రాగి జరీ నల్లబడిపోతుంది, అప్పటికి చీర కొన్నవాళ్లు మోసపోయి ఉంటారు.

వెండిని కొలిచే యంత్రం మా దగ్గర లేదు. బెంగుళూరులో ఒక పెద్ద సంస్థలో ఉండేది. నెలకు రెండు రోజులు దాన్ని మాకు వదిలేవారు. నేను హిందూపురంలో జరీని ఆసిడ్లో కరిగించి, సీసాలకెత్తి, గడ్డి కుక్కిన చెక్కపెట్టెలో సర్దుకుని పొద్దుటి రైలెక్కేవాణ్ణి. పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూచుంటే పక్కన ఉన్న ఆడవాళ్లు "మందులా నాయనా, దేనికి పని చేస్తాయి?" అని అడిగేవాళ్లు. "ఇవి తాగితే చస్తారమ్మా" అనేవాణ్ణి. నా చుట్టూ చోటే చోటు.

ఆ యంత్రం సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసింది ఎవరికీ అర్థం కాదు. అందులో ఒక దీపం ఉంటుంది, దీపం లోపల వెండి. వెలిగిస్తే వెండికి మాత్రమే సొంతమైన వెలుగు వస్తుంది. ఆ వెలుగు పోయే దారికి అడ్డంగా ఒక మంట. మన ద్రావణాన్ని సన్నటి తుంపరగా ఆ మంటలోకి లాగితే అందులోని వెండి ఆ వెలుగులో కొంత మింగేస్తుంది. ఎంత మింగిందో ముల్లు చూపిస్తుంది. కానీ ముల్లు ఇంత కదిలితే ఇంత వెండి అన్న సంగతి యంత్రానికి తెలియదు. మనమే నేర్పాలి. స్వచ్ఛమైన వెండిని ఇంతని తూచి కరిగించి, ఐదు సీసాలు చేసి, ఒక్కొక్కదానికీ ముల్లు ఎక్కడ నిలబడిందో రాసుకుని గీత గీయాలి. ఆ తర్వాత జరీ ద్రావణం పెట్టి, దాని అంకెను ఆ గీత మీద చూసుకుని, వెండి ఎంతో చదవాలి. నేను మురిసిపోయిన గీత అదే.

యంత్రాన్ని చూసుకునే పెద్దాయన కన్నడిగుడు. తెలుగూ కన్నడం కలిపి మాట్లాడేవాడు. నా మొదటి గీత చూసి నవ్వాడు. "నోడప్పా, గీత చాలా బాగుంది. అది నీ ఐదు సీసాల సంగతి చెప్తుంది. నీ జరీ సంగతి చెప్పదు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నా గీతకు వంక పెట్టేవాడు ఎవడని. అయినా ఆయన విసుక్కోకుండా రెండు పనులు నేర్పాడు. ఒకటి, ఐదు సీసాల్లోనూ వెండి ఒక్కటే ఉంటే చాలదు. జరీలో రాగి ఉంది, పట్టు ఉంది, రంగు ఉంది. అవన్నీ ఈ సీసాల్లోనూ అంతంత కలపాలి, అప్పుడు మంటకు రెండూ ఒకేలా ఉంటాయి. రెండోది అంతకంటే ముఖ్యం. ఒకే జరీని రెండు భాగాలు చెయ్యాలి. ఒకదాంట్లో ఆసిడ్ పొయ్యకముందే ఇంతని తూచిన వెండి అదనంగా వెయ్యాలి. రెండింటినీ ఒకే దారిలో నడిపించాలి. చివరికి రెండింటికీ తేడా చూస్తే మనం వేసిన వెండి మనకు కనిపించాలి.

"వేసింది తిరిగి వస్తేనే నీ లెక్కను నమ్ము. రాకపోతే దారిలో ఎవరో తింటున్నారు. ఎవరో వెతుకు" అన్నాడు.

ఏడాది పాటు బుద్ధిగా చేశాను. వేసిన వెండి వేసినట్టు తిరిగి వచ్చింది. మా రిపోర్టు కాగితంలో దానికోసం ఒక గడి కూడా కొట్టించాను. 'వేసిన వెండి తిరిగి వచ్చినదా' అని. ఆ గడిని చూసి మా పై అధికారి నన్ను మెచ్చుకున్నాడు. ప్రతిసారీ తిరిగి వస్తూనే ఉండేసరికి నాకు ఆ పని మీద చిన్నచూపు పట్టుకుంది. రెట్టింపు తూకాలు, రెట్టింపు సీసాలు, రెట్టింపు ఆసిడ్. ఎప్పుడూ వచ్చేదే కదా, మళ్లీ మళ్లీ అడగడం ఎందుకు అనిపించేది.

అలా ఉండగా ధర్మవరం నుంచి ఒక కవరు వచ్చింది. అక్కడ ఒక నేతగాళ్ల సొసైటీ తన సభ్యులకు పట్టూ జరీ తూచి ఇచ్చి, చీర నేసి తెచ్చాక కూలి ఇచ్చేది. ఒక నేతగాడు తెచ్చిన పెళ్లిచీర కొంగు కొంచెం ఎర్రగా కొడుతోందని వాళ్లకు అనుమానం వచ్చింది. ఇచ్చిన వెండి జరీ అమ్ముకుని రాగి జరీ వేసి నేశాడా అని. కొంగు చివర వేలెడు ముక్క కత్తిరించి నాకు పంపారు. నిజమని తేలితే ఆ మనిషిని సొసైటీ నుంచి తీసేస్తారు. ధర్మవరంలో జరీ దొంగ అని పేరు పడ్డ నేతగాడికి ఇంకెవరూ పట్టు ఇవ్వరు. ఇదంతా కవరుతో వచ్చిన ఉత్తరంలోనే ఉంది. నేను చదివాను. చదవలేదని చెప్పుకోడానికి వీల్లేదు.

ఆ వారమే నీళ్లు మరగబెట్టి ఆవిరి పట్టే మా గాజు సామాను పగిలింది. బెంగుళూరు నుంచి తెచ్చుకున్న శుద్ధమైన నీళ్లు అయిపోయాయి. మరునాడు పొద్దున్నే రైలు. ఆ రైలు తప్పితే మళ్లీ నెల ఆగాలి. నాకు ఒక ఉపాయం తట్టింది. బస్టాండు దగ్గర లారీ బ్యాటరీలు బాగుచేసే కొట్టు ఉంది. బ్యాటరీల్లో పోసేదీ శుద్ధమైన నీళ్లే కదా అని అక్కడికి పోయాను. కొట్టతను లారీ కింద పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"నీళ్లు కావాలప్పా, బ్యాటరీ నీళ్లు" అన్నాను.

"ఉండు సామీ, వస్తాండా" అన్నాడు కిందినుంచి.

నాకు ఆగే ఓపిక ఎక్కడిది. వాకిట్లో ఒక డబ్బా నిండా నీళ్లు ఉన్నాయి. "ఈ డబ్బా తీసుకుపోతున్నా" అని కేక వేసి ఎత్తుకున్నాను.

"దుడ్లు ఆ బల్ల మీద పెట్టిపో సామీ" అన్నాడు. ఏ డబ్బా అని అతను చూడలేదు. నేను అడగలేదు.

ఆ నీళ్లు మంచివో కావో తెలుసుకోడానికి అర నిమిషం పడుతుంది. కాలేజీలో మొదటి ఏడాది పిల్లకాయలకు నేర్పేదే. ఒక గాజు గొట్టంలో కాసిని నీళ్లు తీసుకుని వెండి ద్రావణం ఒక చుక్క వేస్తే చాలు. నీళ్లలో ఉప్పు ఉంటే తెల్లగా విరుగుతుంది. వెండీ ఉప్పూ కలిస్తే కరగని తెల్లటి మడ్డి అవుతుందని నా పేరు తెలిసినంత బాగా నాకు తెలుసు. మా బల్ల మీద ఆ చుక్కల సీసా ఎప్పుడూ ఉండేది. చెయ్యి చాపితే అందేది. నేను చాపలేదు.

ఆసిడ్లో జరీ కరిగింది. ఈ నీళ్లు పోయగానే ద్రావణం మబ్బు పట్టింది. పట్టుపోగు ముక్కలేమో, రంగేమో అనుకున్నాను. వడగట్టాను. కింద తేటగా దిగింది. వడపోత కాగితం మీద తెల్లటి మడ్డీ, అందులో మెరుస్తూ బంగారు పూత రేకులూ మిగిలాయి. బంగారం ఆ ఆసిడ్లో కరగదు కాబట్టి ఆ కాగితాలను మేము పారేయం. అన్నీ పోగుచేసి ఏడాదికోసారి బంగారం తీస్తాం. దాన్ని కవరులో పెట్టి అలమరలో వేశాను. వెండి కలిపి చేసే రెండో భాగం ఆ రోజు చెయ్యలేదు. నీళ్లు చాలవని నాకు నేనే చెప్పుకున్నాను. డబ్బాలో ఇంకా సగం నీళ్లున్నాయి.

బెంగుళూరులో ఐదు సీసాలూ అక్కడి శుద్ధమైన నీళ్లతో చేశాను. గీత ఎప్పటిలాగే తిన్నగా వచ్చింది. జరీ ద్రావణం పెడితే ముల్లు ఉండాల్సిన చోటికి సగం దూరం కూడా పోలేదు. నాకు ఒళ్లు జలదరించింది. భయంతో కాదు, సంతోషంతో. దొంగ దొరికాడు అనుకున్నాను. పెద్దాయన ఆ రోజు సెలవులో ఉన్నాడు. ఉంటే అడిగేవాడు. తిరుగు రైల్లో కూచుని రిపోర్టు రాశాను. చివరి గడి దగ్గర కలం కొంచెం ఆగింది. పోయిన నెల ఏం వచ్చిందో గుర్తు తెచ్చుకుని, అదే వేసి, 'వచ్చినది' అని రాశాను.

విచారణ పెనుకొండలో జరిగింది. కొండ కింద ఒక పాత మిద్దెలో సహకార అధికారి కూచున్నాడు. నన్ను సాక్ష్యానికి పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గ్రాఫు కాగితం చుట్టచుట్టి పట్టుకుని పోయాను. ఆ నేతగాడికి యాభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి. గుంతమగ్గంలో కూచుని కూచుని వీపు కొంచెం ముందుకు వంగింది. వెంట ఆయన తమ్ముడు వచ్చి వాకిలి దగ్గర నిలబడ్డాడు. అన్న నేస్తే తమ్ముడు సొసైటీ నుంచి పట్టూ జరీ తెస్తాడనీ, మగ్గం దగ్గర సాయం కూచుంటాడనీ, అందరూ ఒకే ఇంట్లో ఉంటారనీ అక్కడే విన్నాను.

"ఏమప్పా, జరీ మార్చినావా?" అని అధికారి అడిగాడు.

"లేదు సామీ. సొసైటీ ఇచ్చిన జరీ ఇచ్చినట్ల నేసినా. ముప్పై ఏండ్లాయ గుంతలో కాళ్లు పెట్టి. దొంగతనం చేసేవాణ్నయితే ఇంగా ఆ గుంతలోనే యాల కూచుంటా?"

గట్టిగా చెప్పాడు. అధికారికి కూడా నమ్మాలనే ఉన్నట్టుంది. నా వైపు తిరిగి, రిపోర్టు చివరి గడి మీద వేలు పెట్టి, ఇదేమిటని అడిగాడు. నాకు కావలసింది అదే. లేచి నిలబడి వివరించాను. ఈ జరీలోనే తూచిన వెండి కొంత వేస్తామనీ, యంత్రం దాన్ని తిరిగి చూపిస్తేనే నమ్ముతామనీ, ప్రపంచంలో ఎక్కడైనా ఇదే పద్ధతి అనీ చెప్పాను.

"ఈ జరీకి అట్ల చేసినారా?"

"చేశాను సార్."

"వేసిన వెండి తిరిగి వచ్చిందా?"

"పూర్తిగా వచ్చింది సార్."

నేతగాడు నా వైపు తిరిగాడు. "అయితే సామీ, ఆ మిషను తప్పు చెప్పే పనే లేదా?" అని అడిగాడు. ఎదిరించడానికి కాదు, తెలుసుకోడానికే అడిగాడు.

"లేదు పెద్దాయనా. మనిషి అబద్ధం చెప్తాడు గానీ అది చెప్పదు" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఇప్పుడు రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి. ఆయన మెల్లగా తల తిప్పి వాకిలి దగ్గరున్న తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు ఏమీ అర్థం కానట్టు అన్నను చూశాడు.

"అట్లయితే నేను మాట్లాడేది ఏమీ లేదు సామీ" అన్నాడు నేతగాడు. కాగితం మీద వేలిముద్ర వేసి బయటికి నడిచాడు.

తప్పు ఒప్పుకున్నాడని అందరం అనుకున్నాం. నేనయితే నా వాదన బలానికి లొంగిపోయాడనుకున్నాను. స్టేషనులో రైలు కోసం కూచుని కాఫీ తాగుతూ, ఇస్త్రీ నలిగిందేమోనని చొక్కా చూసుకున్నాను.

ఎండాకాలం ముదిరాక బంగారం తీద్దామని అలమరలోని వడపోత కాగితాలన్నీ బయటికి తీశాను. వరసగా కిటికీలో పరిచి భోజనానికి పోయాను. తిరిగి వచ్చేసరికి పదిహేను కాగితాలు ఉన్నట్టే ఉన్నాయి. ఒక్క కాగితం మీద మాత్రం తెల్లగా ఉండాల్సిన మడ్డి ఊదారంగుకు తిరిగి నల్లబడుతోంది. ఎండకు అలా రంగు తిరిగేది ఒకటే. ఉప్పుతో కలిసిన వెండి. కవరు మీద ఆ నేతగాడి నంబరు ఉంది. ఆయన జరీలోని వెండి ఎక్కడికీ పోలేదు. నేను దాన్ని వడగట్టి కవరులో దాచి, లేదని రిపోర్టు రాశాను.

ఆ సాయంత్రమే బ్యాటరీ కొట్టుకు పోయాను. కొట్టతను డబ్బా పేరు ఎత్తగానే గుర్తుపట్టాడు.

"అది రేడియేటర్లకు పోసే బావినీళ్ల డబ్బా గదా సామీ! బ్యాటరీ నీళ్లు లోపల గాజు బుడ్లలో ఉండాయి. ఒక్క మాట అడిగింటే ఇచ్చింటా గదప్పా" అన్నాడు. డబ్బు తిరిగి ఇయ్యబోయాడు కూడా.

నేతగాడి కొంగు ముక్కలో సగం ఇంకా నా దగ్గర ఉంది. ఈసారి మంచి నీళ్లతో, రెండు భాగాలు చేసి, అన్నీ ఒక దారిలో నడిపించి పెట్టాను. జరీ అచ్చమైన వెండి జరీ. వేసిన వెండి వేసినట్టు తిరిగి వచ్చింది. చుట్టిన తీగ కొంచెం వదులై సందుల్లోంచి లోపలి ఎర్రపోగు కనిపించింది, అంతే. బెంగుళూరు పెద్దాయన పక్కనే నిలబడి "పాత రిపోర్టు సరిచేస్తావు కదా" అన్నాడు. "ఈ వారంలోనే" అన్నాను.

చెయ్యలేదు. నా ఉద్యోగం అప్పటికి ఇంకా పర్మనెంటు కాలేదు. దాని ఉత్తర్వు పై అధికారి బల్ల మీద ఉంది. చెయ్యని పరీక్ష చేశానని రాసినట్టు బయటపడితే ఏమవుతుందో నాకు తెలుసు. నెల ఆగుదాం అనుకున్నాను. ఆ నెల కాస్తా ఇంకో నెల అయింది. మధ్యలో ఆ జరీని మరో రెండుసార్లు పరీక్షించాను. అనుమానం ఉండి కాదు. ఏదో ఒకటి చేస్తున్నట్టు నాకు నేను కనబడాలి కదా. భయపడ్డానని ఇప్పుడు తేలిగ్గా ఒప్పుకుంటున్నాను. అప్పుడు మాత్రం దానికి జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను.

దసరా వెళ్లాక పర్మనెంటు ఉత్తర్వు చేతికొచ్చింది. ఆ ఆదివారమే ధర్మవరం రైలెక్కాను. పెనుకొండలో బండి ఆగినప్పుడు కొండ వైపు కాకుండా రెండో పక్కకు తిరిగి కూచున్నాను.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. జరీ దొంగ ఇల్లంటే అందరూ చూపించారు. మగ్గం విప్పేసి ఉంది. గుంత మీద పలకలు పరిచి వాటి మీద చెనక్కాయల మూట పెట్టారు. ఆయన భార్య ఎవరికో కూలికి కండెలు చుడుతోంది. ఆయన వీధిలో వేరే వాళ్ల పడుగు సాగదీసే పనికి పోయాడు. కబురు పెడితే వచ్చాడు. నన్ను గుర్తుపట్టి, తువ్వాలతో పలక తుడిచి కూచోమన్నాడు. నేను నిలబడే చెప్పాను. మీ జరీ మంచి జరీయేననీ, తప్పు నాదేననీ, యంత్రానిది కూడా కాదనీ, నేను చెడ్డనీళ్లు వాడాననీ చెప్పాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. సంతోషపడతాడనో, తిడతాడనో అనుకున్నాను.

"అయితే మా తమ్ముడు తీయలేదా?" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు.

"నేను మార్చలేదని నాకు తెలుసు గదా సామీ. మిషను తప్పు చెప్పదంటిరి. వేసిన వెండి గూడా మళ్లా వచ్చెనంటిరి. ఇంగ జరీ తెచ్చినోడు వాడే గదా."

పెనుకొండలో ఆయన తల తిప్పి తమ్ముణ్ణి ఎందుకు చూశాడో అప్పుడు తెలిసింది. పలక మీద కూచున్నాను.

"తీయలేదు" అన్నాను. "ఎవరూ తీయలేదు."

ఆయన లోపలికి తిరిగి, "ఒమ్మే, వాడు తీయలేదంట" అన్నాడు.

"నేను ఆ పొద్దే చెప్తి గదా నీకు" అంది ఆమె. కండె చుట్టడం ఆపలేదు. తర్వాత ఆమే చెప్పింది. విచారణ నుంచి వచ్చినాక అన్న తమ్ముడితో మాట్లాడ్డం మానేశాడు. ఒకే ఇంట్లో, ఒకే గంగాళంలో వండిన సంగటి తింటూ, నెలల తరబడి ఒక్క మాట లేదు. శ్రావణంలో ఒకనాడు అన్నం ముందర కూచుని ఉండగా అన్న నోరు జారి అనేశాడు, దొంగ కూడు తింటాండావని. తమ్ముడు చెయ్యి కడుక్కుని లేచి, రెండు గుడ్డలు మూట కట్టుకుని పోయాడు. కదిరిలో చూశామని ఒకరన్నారు, బెంగుళూరు మిల్లుల్లో చేరాడని ఇంకొకరు. ఆయన కదిరికి రెండుసార్లు పోయి వెతికి వచ్చాడు. దొరకలేదు.

శ్రావణం. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకోనక్కరలేకపోయింది. కాగితం కిటికీలో నల్లబడింది ఎండాకాలంలో. ఆ వారంలోనే వచ్చి ఉంటే ఆ తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు. మగ్గం దగ్గరో, వాకిట్లోనో, మాట్లాడని అన్న పక్కనో ఉన్నాడు. నేను వచ్చి ఒక్క మాట చెప్తే చాలు.

"ఇది మీకు ఎప్పుడు తెలిసె సామీ?" అని అడిగాడు ఆయన. మళ్లీ అదే గొంతు. ఎదిరించడానికి కాదు, తెలుసుకోడానికే.

"మొన్న" అన్నాను. "మొన్ననే తెలిసింది."

ఆమె కండె ఆపి నన్ను చూసింది.

"రెండు కాయితాలు రాసీండి సామీ" అన్నాడు ఆయన. "ఒకటి సొసైటీకి. ఇంగొకటి నా దగ్గర పెట్టుకుంటా."

ఆ పలక మీదే కూచుని రాశాను. జరీ అచ్చమైనదనీ, ముందు రిపోర్టు నా పొరపాటనీ రెండింట్లోనూ స్పష్టంగా రాసి సంతకం పెట్టాను. మళ్లీ పరీక్ష చేసిన తేదీ రాయాల్సి వచ్చింది. మొన్నటి తేదీ వేశాను. రెండింట్లోనూ అదే వేశాను.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. సొసైటీ ఆయన్ని తిరిగి చేర్చుకుంది, మగ్గం మళ్లీ బిగించాడని విన్నాను. నాకు పై అధికారి ఒక చీవాటు పెట్టి వదిలేశాడు. పర్మనెంటు ఉద్యోగం కదా. తమ్ముడు వచ్చాడో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత ఎన్నోసార్లు ధర్మవరం మీదుగా పోయాను. బండి దిగి అడిగే ధైర్యం ఒక్కసారీ చెయ్యలేదు.

ఆ రోజు ఆయన స్టేషను దాకా నా వెంట వచ్చాడు. వద్దన్నా వినలేదు. చెనక్కాయలు ఒక సంచిలో పోసి నా చేతికిచ్చాడు. బండి కదిలే ముందు కిటికీ ఊచ పట్టుకుని, "ఇంగొకరయితే కప్పిపెట్టేవాళ్లు సామీ. మీరు తెలిసిన వెంటనే పరిగెత్తుకోని వస్తిరి. వాడు వచ్చినాక ఈ కాయితం చూపించి, ఆ మాట గూడా చెప్తా" అన్నాడు. నేను తల ఊపాను.